కడిగే నూనెతో కర్నూలు నుంచి కడపకు

నేను నూనె వ్యాపారిని. కర్నూలు బజారులో ఆముదం, శెనక్కాయల నూనె, కుసుమ నూనె అమ్మబట్టి ముప్పై ఏండ్లు. ఒక బొట్టు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది ఏ గానుగదో, ఎన్నాళ్ల కిందటిదో, ఎవడు ఏమి కలిపినాడో చెప్తాను. ఈ వేళ్ల మీద నాకు శానా గర్వం ఉండేది. ఆ గర్వంతోనే కారుకు నూనె ఎంచినాను, ఆ కారులోనే కడపకు పోయినాను. ఆ దోవన కారులో పోదలచినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. గొప్ప చెప్పుకోడానికి కాదు. దోవ పొడుగునా నేను చేసిందల్లా భయపడడమే.

ముందు ఈ ప్రయాణం ఎందుకు పడిందో చెప్పల్ల. నాకు పార్వతి ఒక్కతే కూతురు. కడపలో ఇచ్చినాము, అల్లుడిది గుడ్డల అంగడి. రెండేండ్ల కింద తొలిచూలు పురిటికి ఏడో నెలలో నేనే పోయి బస్సులో పిలుచుకొచ్చినాను. బస్సు నిండుగా ఉండింది. ఖాళీ ఉన్నదల్లా వెనక చక్రం మీది సీటు. ఇంకో బస్సుకు ఆగుదామనే బుద్ధి నాకు పుట్టలేదు. "వెనకైతే ఏమి, కూచోమ్మా" అన్నాను. పార్వతి మారుమాట లేకుండా ఎక్కి కూచుంది. నూటముప్పై మైళ్లు గుంత గుంతకూ ఎగిరెగిరి పడింది. దోవలో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు కర్నూలు పెద్దాసుపత్రిలో బిడ్డ పుట్టినాడు, ప్రాణం లేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనింటే బాగుండేది.

ఆ ఏడాదే కారు కొన్నాను. ఒక ప్లీడరు గారిది, యుద్ధానికి ముందు వచ్చిన బండి. నూనె అంగడి శెట్టికి కారెందుకని బజారులో నవ్వినోళ్లు ఉన్నారు. ఎందుకో నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంటిదానికి మాత్రం తెలుసు. దస్తగిరి మేస్త్రి దగ్గర మూడు నెలలు తోలడం నేర్చుకున్నాను. రాజధాని వచ్చినాక కర్నూలులో కార్లు ఎక్కువైనాయి గానీ, వాటి కడుపులో చెయ్యి పెట్టి నిజం చెప్పే మేస్త్రి దస్తగిరి ఒక్కడే.

ఈసారి పార్వతిని ఏడో నెలలో తెచ్చుకోవాలంటే వియ్యపురాలికి జ్వరం తగిలి కుదరలేదు. ఎనిమిదో నెలలో మాలో గర్భిణిని కదిలించరు. కాబట్టి తొమ్మిదో నెల, నడి వైశాఖం. రైలుకు పోతే గుంతకల్లులోనూ ద్రోణాచలంలోనూ బండ్లు మారల్ల. బస్సు పేరెత్తితేనే నాకు చెమటలు పడతాయి. కారే గతి.

ప్రయాణానికి ముందురోజు నూనె మార్పించాలని దస్తగిరి అన్నాడు. నూనె కోసం పెట్రోలు అంగడికి పోతే ఆడ రెండు రకాల డబ్బాలు చూపించినారు. ఒకటి ఇన్నాళ్లూ పోస్తున్న మామూలు నూనె. ఇంకొకటి మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన రకం. అందులో ఏదో మందు కలిపి ఉంటుందట, ఇంజను నడుస్తుండగానే లోపలి మురికి కడిగేస్తుందట. "ఆఫీసర్ల కార్లన్నిటికీ ఇదే పోస్తాండాము శెట్టిగారూ" అన్నాడు అంగడాయన. నేను రెండింట్లోనూ వేలు ముంచినాను. మామూలుది కొంచెం పచ్చగా, మొద్దుగా ఉంది. కొత్తది తేనె మాదిరి తేటగా ఉంది, వేళ్ల మధ్య సాగుతోంది, వాసన లేదు. తేటగా ఉండేదే మంచి నూనె అని ముప్పై ఏండ్లుగా జనానికి చెప్పినవాణ్ని నేనే. కొత్తది తీసుకున్నాను.

దస్తగిరి డబ్బా చూసి మొహం ముడిచినాడు.

"వద్దు శెట్టీ. ఇది మంచిదే, కాదనను. కొత్త ఇంజనుకు మంచిది. నీ బండి ఇరవై ఏండ్లు మామూలు ఆయిలు తాగింది. అడుగున మడ్డి పేరుకోని ఉండాది. ఇది పోయి దాన్ని కడుగుతాది. కడిగిన మడ్డి యాడికి పోవల్ల?"

"బయటికి పోతుంది."

"ఎట్ల పోతాది? కింద జల్లెడ ఉండాది. పోయి దానికి పడతాది. నీ అంగట్లో పీపా అడుగున మడ్డి ఉంటాది గదా, పీపా దొర్లించి నూనె పోస్తావా గిరాకీకి?"

పొయ్యను. పీపా కదలకుండా పైతేట తీస్తాను. అది నా వృత్తిలో మొదటి పాఠం. అయినా నా వేళ్లు తప్పు చెప్పవని నా మొండితనం. దస్తగిరి చివరికి తలాడించి, "సరే, పోస్తా. యాభై మైళ్లకొకసారి ఆపి చూడు. ఎదురుగ్గా ఈ ముల్లు ఉండాది చూడు, ఇది నడుమ ఉంటే ఆయిలు పారుతాండాదని. కింద పడితే ఇంజను ఆర్పేయ్. ఆర్పకుండా నాలుగు మైళ్లు పోయినావంటే ఇనుము ఇనుమును తినేస్తాది" అన్నాడు. ఆ మాట ఎందుకు విన్నానా అని తర్వాత అనుకున్నాను. అది విన్నప్పటి నుంచి దోవ మీద కంటే ఆ ముల్లు మీదనే నా చూపు ఎక్కువ ఉండింది.

తెల్లవారుజామున అయిదుంబావుకు బయల్దేరినాము, నేనూ మా ఇంటిది రంగమ్మా. వెనక సీట్లో రెండు దూదిపరుపులు, నీళ్ల కుండ, పులిహోర మూట, వియ్యపురాలికి ఒక డబ్బా ఆముదం. మా అంగడి ఆముదమంటే ఆమెకు ప్రాణం. ఓర్వకల్లు రాళ్లగుట్టల మధ్య పొద్దు పొడిచింది. బండి హాయిగా పోతోంది. ముల్లు నడుమనే ఉంది. రంగమ్మ అయితే, "నువ్వు దోవ చూడవా? ముల్లు చూసేది నేను చూస్తా" అని ఎగతాళి చేసింది.

ఏడింటికి నంద్యాల. రైలు స్టేషను ముందర హోటలులో ఇడ్లీ తిన్నాము, వేడిగా ఉన్నాయి, చట్నీలో కారం ఎక్కువ. తిన్నాక మూత తెరిచి నూనె చూసే కడ్డీ బయటికి లాగినాను. నిన్న తేనె మాదిరి ఉన్న నూనె ఇవ్వాళ మసి మాదిరి ఉంది. వేలికి రాసుకుంటే గోటి సందుల్లోకి పోయింది. నలభై అయిదు మైళ్లకే నూనె నల్లబడిందంటే నా వ్యాపారంలో దానికి ఒకటే అర్థం: కల్తీ.

పక్కన బీడీ కాలుస్తున్న లారీ డ్రైవరును అడిగినాను. ఆయన కడ్డీ చూసి, "కొత్త రకం పోసినావా సావుకారీ? నల్లగ కాకుంటేనే భయపడల్ల. పని చేస్తాండాది అది" అన్నాడు.

నమ్మలేదు. మురికి పట్టిన నూనె మంచిదని చెప్పేవాడు నా లెక్కలో తెలియనివాడైనా కావల్ల, కల్తీ చేసేవాడైనా కావల్ల. నంద్యాలలో ఆగి ఇంకెవరికైనా చూపించి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. ఆగలేదు. తొందరగా పోయి పార్వతిని చూడాలని లోపల ఒకటే గుబులు.

ఆళ్లగడ్డ దాటినాక రోడ్డు ఖాళీ. అటూ ఇటూ నల్లరేగడి, కోతలైపోయిన జొన్న మోళ్లు, నోళ్లు తెరిచిన బీటలు. ఎనిమిదిన్నరకే ఎండ మండుతోంది. చాగలమర్రి ఇంకా అయిదారు మైళ్లు ఉందనగా ముల్లు కదిలింది. మొదట నా కంటి భ్రమ అనుకున్నాను. నడుమ నుంచి కాస్త దిగింది, ఇంకాస్త దిగింది. రంగమ్మే చెప్పింది:

"ఇదో, నీ ముల్లు పండుకుంటాండాది."

బండిని రోడ్డు పక్కకు తీసి ఆర్పినాను. కనుచూపు మేర మనిషి లేడు. తిరుగు దోవలో ఇదే చోట పార్వతి వెనక సీట్లో ఉంటే ఏమి గతి అని ఒక్కటే ఆలోచన.

అప్పుడు చేసినాను అసలైన తప్పు. మా అంగట్లో నూనె పలచబడి వస్తే చిక్కటిది కలిపి నిలబెడతారు. అంతకంటే నాకు తెలిసింది ఏముంది? ఈ నూనె కల్తీ, పలచబడింది, చిక్కటిది కలపల్ల. వెనక సీట్లో స్వచ్ఛమైన ఆముదం ఉండనే ఉంది. యుద్ధం రోజుల్లో నూనె దొరకక కొందరు ఇంజన్లకు ఆముదం పోసినారని విన్నాను కూడా. డబ్బా విప్పి శేరుంపావు పోసినాను.

"వియ్యపురాలికని తెచ్చింది దీనికి తాపుతాండావే" అంది రంగమ్మ.

పావుగంట అయినాక మళ్లీ ఇంజను తిప్పితే ముల్లు లేచి నడుమకొచ్చింది. నా ప్రాణం కూడా లేచొచ్చింది. చూసినావా, నా ఆముదం అని రంగమ్మతో అన్నాను. దువ్వూరు, మైదుకూరు మీదుగా, నాలుగుసార్లు ఆగి, ఆగినప్పుడల్లా కడ్డీ లాగి చూసుకుంటూ, పన్నెండున్నరకు కడప చేరినాము. పెన్న దాటేటప్పుడు కింద నీళ్లు లేవు, ఇసక మండుతోంది.

పార్వతిని చూసినాను. పొట్ట నిండుగా ఉంది, మొహం కొంచెం వాచింది. నవ్వి, "కారు తోలుకోని వచ్చినావా నాయనా నువ్వే?" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. భోజనంలో గుత్తివంకాయ, రాగిసంగటి, మామిడికాయ పప్పు. నేను సరిగా తినలేకపోయినాను. వియ్యపురాలు ముక్కాలు డబ్బా ఆముదం తీసుకోని ఏమీ అడగలేదు, పెద్దింటి మనిషి.

మూడు గంటలకు బండిని కడప స్టేషను దగ్గరున్న ఓబులేసు మేస్త్రి షెడ్డుకు తోలుకుపోయినాను. ఆయన కిందికి దూరి, ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి విప్పినాడు. విప్పి, జల్లెడ చేతిలో పట్టుకోని బయటికొచ్చినాడు. అది జల్లెడ మాదిరి లేదు. నల్లటి ముద్ద, అడుగంటిన బెల్లంపాకం మాదిరి. ఓబులేసు దాన్ని వాసన చూసినాడు. నా వైపు చూసినాడు.

"ఎవురప్పా దీంట్లో ఆముదం పోసింది?"

ముప్పై ఏండ్లుగా ఇంకొకరి నూనెలో ఏమి కలిసిందో వాసన చూసి పట్టుకునేవాణ్ని, ఇవ్వాళ నన్ను పట్టుకున్నారు. చివరికి, "నేనే" అన్నాను.

"నూనె అంగడి శెట్టివి అంటాండావు, నీకు తెల్దా? ఆ ఆయిలూ ఈ ఆముదమూ కలవవు. వేడికి జిగురైతాది."

"ఆముదం పోసినాక ముల్లు లేచింది మేస్త్రీ."

"ఆముదానికి లేవలేదు. నువ్వు ఆపినావు గదా, పావుగంట. ఆపితే జల్లెడకు పట్టిన మడ్డి కిందికి జారింది, అందుకు లేచింది. ఊరకే ఆపింటే సాలు."

"మరి ఆ కొత్త నూనె కల్తీదేనా?"

"అది దాని పని అది చేసింది. ఈ మడ్డి అది తెచ్చింది కాదు శెట్టీ, ముందు నుంచీ నీ బండి లోపల ఉండేదే. అది బయటికి తోసింది, అంతే. నువ్వు పోసిన రోజే తొట్టి విప్పి కడిగించింటే బంగారం మాదిరి పనిచేస్తాండె."

పూర్తిగా కడగాలంటే ఇంజను విప్పల్ల, రెండు రోజులు పడుతుంది. నాకు రెండు రోజులు లేవు. మర్నాడు పొద్దున ఆరు తప్పితే పదిరోజుల దాకా మంచి రోజు లేదని పురోహితుడు చెప్పినాడు, పదిరోజులైతే పార్వతికి నెలలు నిండిపోతాయి. ఓబులేసు జల్లెడ కడిగి, తొట్టి తుడిచి, మళ్లీ బిగించినాడు. ఇప్పుడు ఏ నూనె పోయాలంటే, మళ్లీ అవే రెండు డబ్బాలు నా ముందర. కొత్తది పోస్తే మిగిలిన మడ్డిని కడుగుతూనే ఉంటుంది, దోవలో మళ్లీ జల్లెడకు పట్టొచ్చు. పాతది పోస్తే ఉన్నది ఉన్నకాడ ఉంటుంది, కానీ ఆముదం జిగురు కరగదు. ఈసారి నేను డబ్బాల్లో వేలు ముంచలేదు. "నువ్వు చెప్పు మేస్త్రీ" అన్నాను.

"పాతదే పోస్తా. కానీ జామీను మాత్రం ఇయ్యలేను. ముల్లు పడితే ఆపు. టకటక సప్పుడొస్తే అసలు ముందుకు పోవద్దు."

ఆ రాత్రి నాకు కన్ను మూత పడలేదు. అల్లుడు ఇంకో కారు కోసం ఊళ్లో నలుగురిని అడిగి వచ్చినాడు, దొరకలేదు. "బస్సుకు పోదాము మామా, నేనూ వస్తా" అన్నాడు. నేను వద్దన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆరు గంటలకు వాకిట్లో కొబ్బరికాయ కొట్టి బయల్దేరినాము. పార్వతిని వెనక రెండు పరుపుల మీద కూచోబెట్టి, పక్కన రంగమ్మ. ఇరవై మైళ్ల వేగం దాటకుండా తోలినాను. గుంత వస్తే ఆపి, చూసి, మెల్లగా దించి ఎక్కించినాను. ప్రతి గుంతకూ, "ఏమ్మా, బాగుండావా?" అని అడిగినాను. "బాగుండా నాయనా" అంటుంది. ఎనిమిదోసారికి రంగమ్మ, "దాన్ని కాసేపు కన్ను మూయనీ" అంది.

మైదుకూరు దాటినాక ముల్లు మొదటిసారి పడింది. ఆపినాను. పావుగంటకు లేచింది. దువ్వూరు దాటినాక మళ్లీ పడింది. ఈసారి అరగంట ఆపినా పూర్తిగా లేవలేదు. ముందుకు పోవాలా, వెనక్కి పోవాలా అన్నది తేల్చుకోలేక, మెల్లగా ముందుకే తోలినాను. చాగలమర్రి ఇంకా రెండు మైళ్లుందనగా ఇంజనులో టకటక మొదలైంది. ఎవరో లోపల నుంచి తలుపు తట్టినట్టు వినబడింది. ఆర్పేసినాను. బండి తనంతట కొంచెం దూరం పోయి ఒక వేపచెట్టు పక్కన ఆగింది. గడియారం చూస్తే తొమ్మిదీ పది.

ఎంత భయపడినానో చెప్పడం కష్టం. ఎండ పైకొస్తోంది. కుండలో నీళ్లు సగం ఉన్నాయి. వెనక సీట్లో తొమ్మిదో నెల కడుపుతో కూతురు. ఇప్పుడు నొప్పులు మొదలైతే మంత్రసాని లేదు, మనిషి లేడు, గుడిసె లేదు. ఇదంతా నా రెండు వేళ్లు చేసిన పని. బానెట్ తెరిచి ఊరకే లోపలికి చూస్తూ నిలబడినాను. ఆడ చూడడానికి ఏముంది? వెనకవాళ్లకు నా మొహం కనపడకూడదని నిలబడినాను. కారులో ఉక్కకు తాళలేక తల్లీకూతుళ్లు దిగి వేపచెట్టు కింద కూచున్నారు.

తొమ్మిదీ ముప్పావుకు వెనక నుంచి దుమ్ము లేచింది. కడప నుంచి కర్నూలు పోయే బస్సు. నేను చెయ్యి ఎత్తలేదు. నిజంగా ఎత్తలేదు, కదలకుండా నిలబడినాను. చెట్టు కింద నుంచి లేచి, పొట్ట పట్టుకోని, రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఎత్తింది పార్వతి.

బస్సు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, "ఏమప్పా, చెడిపోయిందా?" అన్నాడు. లోపలికి చూస్తే కిటకిట. ఖాళీ ఒక్కటే ఉంది. వెనక చక్రం మీది సీటు.

"వద్దమ్మా" అన్నాను. "ఇంకేదన్నా వస్తుంది. ఆగుదాము."

"ఏమొస్తాది నాయనా ఈ ఎండలో? ఎక్కుదాము."

"ఆ సీట్లో వద్దు. నీ కాళ్లు పట్టుకుంటా, ఆ సీట్లో వద్దు."

కూతురి కాళ్లు పట్టుకుంటానన్నాను నలుగురి ముందర. బస్సు అంతా విన్నది. ముందర, డ్రైవరుకు వెనకున్న సీట్లో కూచున్న ఒక ముసలి రెడ్డి, తెల్ల తలపాగాతో, తన కర్ర తీసుకోని లేచినాడు. "ఆ యమ్మను ఈడ కూచోబెట్టండప్పా. నేను వెనక కూచుంటా, నా నడుము ఎట్లాగూ పోయిందే" అన్నాడు. ఆయన పక్కనున్న ముస్లిము ఇల్లాలు చంకలో పిల్లనెత్తుకోని లేచి రంగమ్మకు చోటిచ్చింది. కారు తలుపులు మూసి తాళం వేసినాను. ఎవరైనా ఏమైనా ఎత్తుకుపోతారేమో అని కండక్టరు అడిగినాడు. పోతే పోనీ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను.

నేను డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకోని నిలబడినాను. సంగతంతా విని ఆయన నవ్వలేదు. మీ బండికి ఏ నూనె పోస్తారని అడిగినాను.

"యజమాని ఏది పంపితే అది. ఒగసారి అది, ఒగసారి ఇది. అయితే వారం వారం విప్పి జల్లెడ కడుగుతా. నాది నేనే కడుక్కుంటా, ఇంకొకరికి ఇయ్యను."

"గుంతల్లో కొంచెం మెల్లగా పోతావా?" అన్నాను.

"పిల్ల ఎక్కినప్పుడే చూసినాలే శెట్టీ" అన్నాడు. నిజంగానే మెల్లగా పోయినాడు. ఆళ్లగడ్డ చేరేసరికి పావుగంట ఆలస్యమైంది, ఎవరూ అడగలేదు.

అయినా నాకు భయం తగ్గలేదు. బస్సు ఊగినప్పుడల్లా నా చెయ్యి కమ్మీ మీద బిగుసుకుపోయింది. నంద్యాలలో పన్నెండుంబావుకు చాలామంది దిగినారు. రంగమ్మ ఖాళీ సీటు చూసుకోని, కొంగు మొహం మీద వేసుకోని పండుకుంది. నేను పార్వతి పక్కన కూచున్నాను. ఆమె కండక్టరు తెచ్చిన మజ్జిగ తాగి, అత్తగారు పొద్దున కట్టిచ్చిన పులిహోర రెండు ముద్దలు తినింది. పాణ్యం దాటినాక రోడ్డు పాడుగా ఉంది. ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది.

"ఏమ్మా, బాగుండావా?"

పార్వతి బయటికి చూస్తూ కూచుంది. మళ్లీ అడిగినాను. అప్పుడు తల తిప్పకుండానే, మెల్లగా మాట్లాడింది.

"నాయనా, పోయినసారి బస్సు వల్ల కాదు."

నాకు అర్థం కాలేదు.

"బస్సెక్కే ముందురోజు నుంచే లోపల కదలిక లేదు. నాకు తెలుసు. అత్తమ్మకు చెప్తే ప్రయాణం నిలిపేస్తాదని చెప్పలేదు. అమ్మ దగ్గరికి పోతే సాలనుకున్నా. నువ్వు యాడ కూచోబెట్టినా అదే జరిగేది."

"మరి నాతో..."

"నీతో ఎట్ల చెప్పేది నాయనా, మొగోనివి. బిడ్డ పోయినాక చెప్తామనుకుంటే నోరు రాలేదు. తర్వాత నువ్వు కారు కొన్నావని విన్నా. నా కోసరమే అని తెలుసు. అప్పుడైతే అస్సలు నోరు రాలేదు."

అప్పటికి రెండేండ్లు. రెండేండ్లు నేను ఆ వెనక సీటును తలచుకోని నిద్రలో లేచి కూచున్నాను. ఆ బస్సును, ఆ రోడ్డును, ఆ డ్రైవరును, అందరికంటే ఎక్కువ నన్ను తిట్టుకున్నాను. ఈ నిజాన్ని రెండేండ్లు ఆ పిల్ల ఒక్కతే మోసింది. నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎదుట సీటులో ఎవరో చూసి మొహం తిప్పుకున్నారు. కొంగు కింద రంగమ్మ నిద్రపోవడం లేదని కూడా నాకు అప్పుడే తెలిసింది.

నూనె గురించి నా మాట ఇదీ. పాత బండికి కొత్త రకం నూనె పోయదలచుకుంటే ఊళ్లో ఉన్నప్పుడే పొయ్యండి, నాలుగు రోజులు తోలండి, తొట్టి విప్పించి జల్లెడ కడిగించండి, ఆ తర్వాతనే దూరం పోండి. నల్లబడితే బెదరొద్దు. వ్యవధి లేకపోతే పాత నూనెతోనే పోండి. ఆముదం మాత్రం తలకు పెట్టుకోండి. వేలితో చూసి తెలిసేది ఏమీ లేదు, తెలిసినవాణ్ని అడగండి, చెప్పింది వినండి.

ఓర్వకల్లు గుట్టలు వచ్చినాయి. నేను కళ్లు తుడుచుకోని, ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా అడగనిది అప్పుడు అడిగినాను.

"కదులుతాండాదామ్మా?"

పార్వతి నా వైపు తిరిగింది. "పొద్దుట్నుంచి తన్నుతానే ఉండాది నాయనా. నువ్వు ముల్లు చూస్తాంటివి."

రెండూ ముప్పావుకు కర్నూలు బస్టాండులో దిగినాము. ఆ లోపల నాలుగుసార్లు అదే అడిగినాను. నాలుగుసార్లూ ఆఁ అన్నది.